మేరీ బ్రెకిన్‌రిడ్జ్

మేరీ బ్రెకిన్‌రిడ్జ్ (ఫిబ్రవరి 17, 1881 - మే 16, 1965) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ప్రసిద్ధ నర్సు, మంత్రసాని, ప్రజారోగ్య సేవకురాలు. కెంటకీ రాష్ట్రపు తూర్పు కొండ ప్రాంతంలో 1925లో ఆమె నెలకొల్పిన సంస్థ తరువాత ఫ్రాంటియర్ నర్సింగ్ సర్వీస్ అనే పేరుతో పేరు గాంచింది. వైద్యుడు లేని చోట, వైద్యుడు రాలేని వేళలో, తగిన శిక్షణ పొందిన నర్సు రోగిని పరీక్షించి చికిత్స చేయవచ్చునని ఈ సంస్థ ఆచరణలో చూపింది. పిలుపు అర్ధరాత్రి వచ్చినా గుర్రమెక్కి వాగులు దాటి వెళ్ళిన ఈ నర్సులు, నర్స్ ప్రాక్టీషనర్ అనే పేరు ఇంకా పుట్టక ముందే ఆ పనిలో చాలా భాగం చేశారు. అమెరికాలో మంత్రసాని విద్యను నర్సు వృత్తితో జోడించిన తొలి వ్యక్తులలో ఈమెను ప్రముఖంగా పేర్కొంటారు.

కుటుంబం, బాల్యం

మేరీ బ్రెకిన్‌రిడ్జ్ 1881, ఫిబ్రవరి 17న టెనెస్సీ రాష్ట్రంలోని మెంఫిస్ నగరంలో జన్మించింది. ఆమె తాత జాన్ సి. బ్రెకిన్‌రిడ్జ్ 1857 నుండి 1861 వరకు అమెరికా ఉపాధ్యక్షుడు. అంతర్యుద్ధంలో ఆయన దక్షిణ రాష్ట్రాల పక్షాన సేనాధిపతిగా పోరాడాడు. తండ్రి క్లిఫ్టన్ రోడ్స్ బ్రెకిన్‌రిడ్జ్ ఆర్కాన్సా నుండి అమెరికా కాంగ్రెసుకు ఎన్నికయ్యాడు, 1894 నుండి 1897 వరకు రష్యాలో అమెరికా రాయబారిగా పనిచేశాడు. ఆ విధంగా మేరీ బాల్యం వాషింగ్టన్, సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరాలలో గడిచింది. మొదట ఇంటివద్దనే గురువుల చేత చదువుకొని, తరువాత స్విట్జర్లాండులోను, అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలోను పాఠశాల విద్య పూర్తి చేసింది. ఫ్రెంచి భాష బాగా నేర్చుకొన్నది. ఆ భాష తరువాతి కాలంలో ఆమెకు ఎంతో ఉపయోగపడింది.

సంపన్న కుటుంబపు స్త్రీలు ఉద్యోగం చేయటం ఆ రోజులలో వాడుకలో లేదు. వివాహమే ఆమె భవిష్యత్తు అని కుటుంబంలో అందరూ భావించారు.

వివాహం, వైధవ్యం, నర్సు శిక్షణ

1904లో ఆమెకు హెన్రీ రఫ్నర్ మారిసన్ అనే న్యాయవాదితో వివాహం జరిగింది. రెండు సంవత్సరాలు తిరగక ముందే, 1906లో, అపెండిసైటిస్ వ్యాధితో అతడు మరణించాడు. ఇరవై ఐదేళ్ళ వయసులో విధవరాలైన మేరీ తనకంటూ ఒక పని ఉండాలని నిశ్చయించుకొని 1907లో న్యూయార్కులోని సెయింట్ లూక్స్ ఆసుపత్రిలో నర్సు శిక్షణకు చేరింది. 1910లో శిక్షణ పూర్తి చేసి రిజిస్టర్డు నర్సు అయింది.

1912లో ఆమె ఆర్కాన్సాలోని యురేకా స్ప్రింగ్స్ పట్టణంలో ఒక బాలికల కళాశాలకు అధ్యక్షుడైన రిచర్డ్ ర్యాన్ థాంప్సన్‌ను వివాహమాడింది. ఆ కళాశాలలో ఫ్రెంచి భాష, ఆరోగ్యశాస్త్రం బోధించింది.

పిల్లల మరణం

1914, జనవరిలో ఆమెకు కొడుకు పుట్టాడు. అతనిని ముద్దుగా బ్రెకీ అని పిలిచేవారు. 1916లో పుట్టిన కుమార్తె పాలీ నెలలు నిండక ముందే పుట్టి, కొన్ని గంటలు మాత్రమే జీవించింది. 1918, జనవరిలో, నాలుగవ పుట్టినరోజు గడచిన కొద్ది రోజులకే బ్రెకీ కూడా కన్నుమూశాడు. డబ్బు, చదువు, వైద్యుల అండ అన్నీ ఉన్న ఇంటిలోనే ఇద్దరు పిల్లలను పోగొట్టుకొన్న ఈ తల్లి, అవి ఏవీ లేని ఇళ్ళలో పిల్లల గతి ఏమిటన్న ప్రశ్నను తన జీవిత కార్యంగా స్వీకరించింది. బ్రెకీ జీవితం గురించి ఆమె ఒక చిన్న పుస్తకం రాసి స్వంతంగా ముద్రించుకొన్నది. భర్తతో ఆమె కాపురం కూడా ఆ సంవత్సరమే ముగిసింది. 1920లో విడాకులు పొంది పుట్టింటి పేరును తిరిగి స్వీకరించింది.

ఫ్రాన్సులో సేవ

1918లో ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి వ్యాపించినపుడు ఆమె వాషింగ్టనులో నర్సుగా పనిచేసింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత, యుద్ధంలో ధ్వంసమైన ఫ్రాన్సు ప్రాంతాలకు సహాయం చేసే అమెరికన్ కమిటీలో చేరి 1919 నుండి 1921 వరకు ఎయిన్ ప్రాంతంలో పనిచేసింది. గర్భిణుల కోసము, పసిపిల్లల కోసము ఇంటింటికీ వెళ్ళే నర్సుల వ్యవస్థను అక్కడ ఏర్పాటు చేసింది. పిల్లలకు పాలు దొరకనపుడు అమెరికాలోని స్నేహితులకు ఉత్తరాలు రాసి, విరాళాలతో మేకలను సమకూర్చింది.

ఈ కాలంలో ఆమె రెండు విషయాలు గమనించింది. ఫ్రాన్సులో శిక్షణ పొందిన మంత్రసానులు ఉన్నారు గాని వారు నర్సులు కారు. అమెరికాలో మంచి నర్సులు ఉన్నారు గాని వారికి కాన్పు చేయటం నేర్పేవారు లేరు. ఇంగ్లండులో మాత్రం ఈ రెండు విద్యలూ ఒకే వ్యక్తికి ఉండటం చూసింది. మారుమూల పల్లెలకు కావలసినది అటువంటి మనిషేనని ఆమెకు తోచింది.

కెంటకీ కొండలలో పరిశీలన

స్వదేశానికి తిరిగివచ్చి కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీలో ప్రజారోగ్య నర్సింగు చదివింది. 1923 వేసవిలో తూర్పు కెంటకీలోని లెస్లీ, నాట్, ఔజ్లీ కౌంటీలలో గుర్రం మీద, కంచర గాడిద మీద తిరుగుతూ అక్కడి మంత్రసానుల స్థితిగతులు తెలుసుకొన్నది. (కౌంటీ అనగా రాష్ట్రంలోని ఒక పాలనా విభాగం.) ఆమె మాట్లాడిన 53 మంది మంత్రసానులలో ఎక్కువమంది వృద్ధులు. వారికి శిక్షణ లేదు. ప్రసవం సవ్యంగా జరిగినంత వరకు వారు తల్లికి తోడుగా ఉండేవారు, అది అడ్డం తిరిగితే చేయగలిగినది తక్కువ.

లెస్లీ కౌంటీలో ఆనాడు లైసెన్సు పొందిన వైద్యుడు ఒక్కడూ లేడు. మోటారు బండ్లు నడిచే రోడ్డు లేదు. ఇళ్ళు వాగుల వెంట దూరదూరంగా విసిరేసినట్లు ఉండేవి. అక్కడ పని నెగ్గితే ఎక్కడైనా నెగ్గుతుందనే ఉద్దేశంతో ఆమె కావాలనే అంత కష్టమైన ప్రదేశాన్ని ఎంచుకొన్నది.

బ్రిటనులో మంత్రసాని విద్య

అమెరికాలో తగిన శిక్షణ దొరకకపోవటం వలన ఆమె నలభై ఏళ్ళు దాటిన వయసులో లండనుకు వెళ్ళి, వుల్విచ్‌లోని ప్రసూతి ఆసుపత్రిలో శిక్షణ పొంది, మంత్రసానిగా ధ్రువపత్రం సంపాదించింది. తరువాత 1924లో స్కాట్లండు ఉత్తర ప్రాంతంలోని కొండలలోను, హెబ్రిడీస్ దీవులలోను పర్యటించింది. 1913లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య పథకం క్రింద అక్కడ వైద్యుడు చాలా దూరాన ఉండగా, నర్సు ఊరికి దగ్గరగా నివసించేది. రోగి మొదట చేరేది నర్సు వద్దకే. ఏ రోగిని తాను చూడాలి, ఎవరి కోసం వైద్యునికి కబురు పంపాలి అన్నది ఆమే నిర్ణయించేది. తన పథకానికి మేరీ ఈ నమూనానే తీసుకొన్నది.

సంస్థ స్థాపన

1925, మే 28న కెంటకీ రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్‌లో తల్లుల, పిల్లల సంక్షేమం కోసం ఒక కమిటీ ఏర్పడింది. 1928లో దీని పేరు ఫ్రాంటియర్ నర్సింగ్ సర్వీస్‌గా మారింది. ఫ్రాంటియర్ అనగా జనావాసాల సరిహద్దు ప్రాంతం. ప్రారంభంలో ఖర్చులకు మేరీ తన స్వంత సొమ్ము వెచ్చించింది. లెస్లీ కౌంటీ కేంద్రమైన హైడెన్ పట్టణంలో ఎడ్నా రాక్‌స్ట్రో, ఫ్రీడా కాఫిన్ అనే ఇద్దరు నర్సులతో మొదటి కేంద్రం మొదలైంది. హైడెన్ సమీపంలో, కెంటకీ నది పాయ ఒడ్డున, వెండోవర్ అనే చోట దుంగలతో కట్టిన ఇల్లు మేరీకి నివాసము, సంస్థకు ప్రధాన కార్యాలయము అయింది.

తరువాతి ఐదారేళ్ళలో బీచ్ ఫోర్క్, రెడ్ బర్డ్, ఫ్లాట్ క్రీక్ మొదలైన చోట్ల ఉపకేంద్రాలు వెలిశాయి. మొత్తం సుమారు 700 చదరపు మైళ్ళ ప్రాంతం సంస్థ సేవలోకి వచ్చింది. ఏ ఇల్లూ నర్సుకు ఐదారు మైళ్ళకు మించిన దూరంలో ఉండరాదన్న లెక్కతో ఈ కేంద్రాలను అమర్చారు. గుర్రం మీద సుమారు ఒక గంటలో వెళ్ళగలిగిన దూరం అది. 1928లో హైడెన్‌లో చిన్న ఆసుపత్రి ప్రారంభమైంది. స్కాట్లండు పథకంతో సన్నిహిత సంబంధం ఉన్న సర్ లెస్లీ మెకెంజీ దాని ప్రారంభోత్సవానికి అక్కడి నుండి వచ్చాడు.

కుటుంబానికి సంవత్సరానికి ఒక డాలరు, కాన్పుకు ఐదు డాలర్లు రుసుముగా నిర్ణయించారు. నగదు లేనివారు కోళ్ళు, మొక్కజొన్న, పశుగ్రాసం, కట్టెలు ఇచ్చి గాని, శ్రమ చేసి గాని బాకీ తీర్చుకొనేవారు. ఇది దానం కాదు, తాము చెల్లించి పొందే సేవ అన్న భావం ప్రజలలో ఉండాలని మేరీ కోరింది.

రాత్రి పిలుపులు

పగలు నర్సులు ఇంటింటికీ తిరిగి గర్భిణులను పరీక్షించేవారు, పిల్లలను తూచేవారు, మశూచి, టైఫాయిడ్, డిఫ్తీరియా వ్యాధులకు టీకాలు వేసేవారు, కొంకిపురుగు వ్యాధికి మందులిచ్చేవారు. అయితే కాన్పు నొప్పులు, కాలిన గాయాలు, పాముకాటు, గొడ్డలి దెబ్బలు, పసిపిల్లల జ్వరాలు పనివేళలు చూసి రావు. టెలిఫోను సౌకర్యం దాదాపు లేనందున రోగి తండ్రో, భర్తో, అన్నదమ్ముడో చీకటిలో గుర్రం మీద వచ్చి నర్సు తలుపు తట్టేవాడు. పిలువ వచ్చిన మనిషి వాగు దాటి రాగలిగితే, అదే వాగు దాటి నర్సు కూడా వెళ్ళాలన్నది సంస్థలో నియమం. శీతకాలంలో గడ్డకట్టిన బాటలలో, వరదలలో కూడా ఈ నియమం పాటించారు.

నర్సు జీను సంచులు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. కాన్పుకు ఒక జత, సాధారణ రోగులకు ఒక జత. అందులో పరికరాలు, మందులు, శుభ్రమైన గుడ్డలతో పాటు వైద్యులు రాసి ఇచ్చిన నియమావళి ఉండేది. కష్టమైన కేసులలో రోగిని మంచం వంటి డోలీ మీద పడుకోబెట్టి, ఇరుగుపొరుగు మగవారు వంతులవారీగా మోస్తూ కొండలు దాటించి హైడెన్ ఆసుపత్రికి చేర్చేవారు.

వైద్యుల నియమావళి

ఈ సంస్థ చరిత్రలో గుర్రాల కథ అందరికీ తెలిసినదే. కాని సంస్థ నిలబడటానికి ముఖ్యకారణం ఈ నియమావళి. కెంటకీలోని లెక్సింగ్టన్ నగరానికి చెందిన వైద్యులు ఒక సలహా సంఘంగా ఏర్పడి, 1920ల చివరలో, నర్సులు ఏమి చేయవచ్చునో, ఏమి చేయరాదో వివరంగా రాసి ఇచ్చారు. ఏ లక్షణానికి ఏ మందు, ఎంత మోతాదు, ఏ స్థితి కనిపిస్తే ఆలస్యం చేయక వైద్యుని పిలిపించాలి అనే విషయాలు అందులో ఉండేవి. సవ్యమైన కాన్పులు నర్సు చేయాలి. శస్త్రచికిత్స వైద్యుని పని. వైద్యుడు వచ్చే లోపల ప్రాణం నిలిపేందుకు అవసరమైనది నర్సు చేయవచ్చు.

వైద్యుని పనిని నర్సు దొంగచాటుగా చేయటం లేదని, వైద్యుని అనుమతితో, అతడు గీసిన హద్దులలో, తన స్వంత వివేకంతో చేస్తున్నదని మేరీ ఎప్పుడూ స్పష్టం చేసేది. ఆ రోజులలో అమెరికన్ వైద్యులలో చాలామంది మంత్రసాని వృత్తినే రూపుమాపాలని కోరుతున్నారు. వారితో తగవు పెట్టుకొనక, వారిలో కొందరిని సంస్థకు సలహాదారులుగా చేసుకోవటం ఆమె నేర్పుకు నిదర్శనం. హైడెన్ ఆసుపత్రిలో ఒక వైద్యుని నియమించిన తరువాత నర్సులకు వెనుక అండ మరింత బలపడింది.

ఫలితాలు

మొదటినుండి ప్రతి కాన్పు వివరాలు రాసి ఉంచాలని మేరీ పట్టుబట్టింది. సంస్థ చేసిన మొదటి వెయ్యి కాన్పుల రికార్డులను మెట్రోపాలిటన్ లైఫ్ ఇన్సూరెన్సు కంపెనీ గణాంక నిపుణుడు లూయీ డబ్లిన్ పరిశీలించి 1932లో నివేదిక ఇచ్చాడు. ఆ వెయ్యి మందిలో గర్భం వలన గాని ప్రసవం వలన గాని నేరుగా మరణించిన తల్లి ఒక్కరూ లేరని తేలింది. ఇటువంటి సేవ దేశమంతటా లభిస్తే ఏటా పది వేల మంది తల్లుల ప్రాణాలు దక్కుతాయని అతడు అంచనా వేశాడు.

1925 నుండి 1950ల ఆరంభం వరకు సంస్థ ప్రాంతంలో ప్రసూతి మరణాలు పది వేల కాన్పులకు సుమారు 9 కాగా, అదే కాలానికి దేశం మొత్తం మీద అవి సుమారు 34. ఈ కాన్పులలో అత్యధిక భాగం కరెంటు, కుళాయి నీరు లేని ఇళ్ళలో జరిగినవి. దేశంలోని అతి బీద ప్రాంతాలలో ఒకటి సంపన్న నగరాలకన్న మెరుగైన ఫలితం సాధించటం నాటి ప్రజారోగ్య నిపుణులను ఆశ్చర్యపరిచింది. పత్రికలలో ప్రశంసలు చాలా వచ్చాయి గాని, వైద్య లోకంలో సంస్థకు గౌరవం తెచ్చినవి ఈ అంకెలే.

నిధుల సేకరణ, ప్రమాదం

రోగుల రుసుముతో సంస్థ ఖర్చులు గడిచేవి కావు. మేరీ తన కుటుంబ పరిచయాలను వినియోగించుకొని న్యూయార్కు, బోస్టను, వాషింగ్టను వంటి నగరాలలో ఉపన్యాసాలిచ్చి విరాళాలు సేకరించింది. సంపన్న కుటుంబాల యువతులు కొన్ని వారాలపాటు వచ్చి గుర్రాల పోషణ, వార్తల చేరవేత వంటి పనులు ఉచితంగా చేసే ఏర్పాటు చేసింది. ఆమె బంధువు మార్విన్ బ్రెకిన్‌రిడ్జ్ ఈ నర్సుల మీద తీసిన చలనచిత్రం 1931లో విడుదలై సంస్థకు ప్రచారం తెచ్చింది.

1931లోనే గుర్రం మీదినుండి పడి మేరీ వెన్నెముక విరిగింది. ఆర్థిక మాంద్యం కారణంగా అదే సమయంలో విరాళాలు పడిపోయి, సిబ్బంది జీతాలు తగ్గించవలసి వచ్చింది. నడుముకు ఉక్కు పట్టీ ధరించి ఆమె సంస్థ పనిని, నిధుల కోసం ప్రయాణాలను కొనసాగించింది.

నర్సు-మంత్రసాని విద్యాలయం

మొదటి పద్నాలుగేళ్ళు సంస్థ బ్రిటనులో శిక్షణ పొందిన నర్సుల మీదనే ఆధారపడింది. 1939లో రెండవ ప్రపంచ యుద్ధం మొదలు కాగానే బ్రిటిషు నర్సులలో పలువురు స్వదేశానికి వెళ్ళిపోయారు. ఈ చిక్కునుండి బయటపడటానికి అదే సంవత్సరం నవంబరులో మేరీ హైడెన్‌లోనే మంత్రసాని విద్యాలయం ప్రారంభించింది. 1940ల దశాబ్దంలో కొండలకు రోడ్లు రావటంతో గుర్రాల స్థానాన్ని క్రమంగా జీపులు ఆక్రమించాయి. 1952లో ఆమె ఆత్మకథ ప్రచురితమైంది.

విమర్శలు

మేరీ బ్రెకిన్‌రిడ్జ్ తన కాలపు దక్షిణాది ఉన్నత వర్గపు జాతి భేద భావాలకు అతీతురాలు కాదు. నల్లజాతివారి పట్ల వేర్పాటు భావన ఆమెలో ఉండేదని తరువాతి చరిత్రకారులు చూపించారు. కొండ ప్రాంతపు తెల్లజాతి ప్రజలను అమెరికా పాత తరపు సంతతిగా పొగడుతూ విరాళాలు కోరటాన్ని కూడా వారు విమర్శించారు. తరతరాలుగా కాన్పులు చేసిన స్థానిక మంత్రసానులు ఈ వ్యవస్థ రాకతో వెనుకబడిపోయారన్నది మరొక విమర్శ. సంస్థ నిర్వహణ అంతా ఆమె చేతిలోనే కేంద్రీకృతమై ఉండటం వలన, ఇతర ప్రాంతాలకు ఈ పద్ధతి ఆమె ఆశించినంతగా వ్యాపించలేదని కొందరు అభిప్రాయపడ్డారు.

మరణం, వారసత్వం

1965, మే 16న తన 84వ ఏట మేరీ బ్రెకిన్‌రిడ్జ్ మరణించింది. చివరి వరకు ఆమె సంస్థ నాయకత్వంలోనే ఉన్నది. అదే 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే శిశువైద్యుడు కలిసి తొలి నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణను ప్రారంభించారు. సాధారణ నర్సు విద్యపై అదనపు చదువు చదివి, రోగిని పరీక్షించి, రోగ నిర్ణయం చేసి, చికిత్స చేసే అధికారం పొందిన వారిని నర్స్ ప్రాక్టీషనర్ అంటారు. 1970లో హైడెన్ విద్యాలయం కూడా మంత్రసాని విద్యతో పాటు కుటుంబ వైద్యంలో ఈ శిక్షణను ఇవ్వసాగింది. 2011లో ఆ విద్యాలయం ఫ్రాంటియర్ నర్సింగ్ యూనివర్సిటీగా పేరు మార్చుకొన్నది.

1975లో హైడెన్‌లో ఆమె పేరుతో కొత్త ఆసుపత్రి ప్రారంభమైంది. 1991లో వెండోవర్‌లోని ఆమె ఇంటిని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. 1998లో అమెరికా తపాలా శాఖ ఆమె చిత్రంతో 77 సెంట్ల తపాలా బిళ్ళ విడుదల చేసింది.

తరువాతి కాలంలో ఈ ఆలోచన

రాత్రివేళ, సెలవు దినాలలో వైద్యుడు దొరకకపోవటం కొండ ప్రాంతాల సమస్య మాత్రమే కాదు. నెదర్లాండ్స్‌లో కుటుంబ వైద్యులు వంతులవారీగా నడిపే రాత్రి, వారాంతపు కేంద్రాలలో కొందరు వైద్యుల స్థానంలో నర్స్ ప్రాక్టీషనర్లను నియమించి, 2010ల దశాబ్దంలో ఫలితాలను పరిశీలించారు. అమెరికాలోని కొన్ని రాష్ట్రాలలో వీరు వైద్యుని ఒప్పందం లేకుండానే స్వతంత్రంగా చికిత్స చేయవచ్చు, మరికొన్ని రాష్ట్రాలలో చేయరాదు. వైద్యుని పనిలో ఎంత భాగం నర్సుకు అప్పగించవచ్చు అన్న చర్చ ఇంకా ముగియలేదు.

భారతదేశంలో 2018లో కేంద్ర ప్రభుత్వం మంత్రసాని సేవలకు మార్గదర్శకాలు ప్రకటించి, నర్సులకు 18 నెలల ప్రత్యేక శిక్షణను ప్రవేశపెట్టింది. అంతకు ముందే 2017లో తెలంగాణ ప్రభుత్వం కరీంనగర్‌లో ఇటువంటి శిక్షణను ఆరంభించింది. వీటికి బ్రెకిన్‌రిడ్జ్ సంస్థతో నేరుగా సంబంధం లేకపోయినా, నర్సుకు కాన్పు విద్యను జోడించాలన్న మూలసూత్రం ఒకటే.

ఇటువంటి ఏర్పాటు సురక్షితంగా సాగటానికి ఏమి కావాలన్నదానికి కెంటకీ అనుభవం స్పష్టమైన సమాధానమిస్తుంది. నర్సుకు మొదట పూర్తి శిక్షణ ఉండాలి. ఆమె అధికారం, హద్దులు కాగితం మీద రాసి ఉండాలి. అవసరమైనపుడు పిలిస్తే పలికే వైద్యుడు, చేర్చుకొనే ఆసుపత్రి వెనుక ఉండాలి. ప్రతి రోగి వివరాలు లెక్కలో ఉండాలి. ఈ నాలుగింటిలో ఏది లోపించినా రాత్రివేళ ఒంటరిగా పనిచేసే నర్సు పైన, ఆమెను నమ్ముకొన్న రోగి పైన భారం పడుతుంది. లెస్లీ కౌంటీలో మేరీ బ్రెకిన్‌రిడ్జ్ ఈ నాలుగింటినీ క్రమంగా సమకూర్చింది.